జాన్ బన్యనును ఏశావు వచనమును

చదువవలసిన భాగములు: హెబ్రీ 6:1-20, హెబ్రీ 12:14-17, యెహోషువ 20:1-6, యోహాను 6:35-40.



ప్రభువు బల్ల సిద్ధపరచిన ఆదివారమున కొందరు వెనుక వరుసలో కూర్చుండి, బల్లయొద్దకు రాకుండ మౌనముగా ఇంటికి పోవుట మీరు చూచియుందురు. వారందరును అశ్రద్ధచేత అట్లు చేయువారు కారు. నేను కాపరిగా నున్న గ్రామములో ఒక పెద్దాయన మూడు సంవత్సరములు అట్లు చేసెను. కారణమడుగగా, కోడలు కాన్పు కష్టమై ప్రాణముమీదికి వచ్చినప్పుడు ఇరుగుపొరుగువారి మాట విని తాను గ్రామదేవతకు కోడిని మ్రొక్కుకొంటిననియు, తరువాత గుడిలో హెబ్రీ పత్రిక ఆరవ అధ్యాయము చదువగా విని తనకిక క్షమాపణ లేదని తెలిసికొంటిననియు చెప్పెను. నేను తొందరలో నుంటిని. అట్టి సంగతులను గూర్చి చింతింపవద్దని చెప్పి లేచి వచ్చితిని. ఆ మాట ఆయనకు కొంచెమైనను ఆదరణ నియ్యలేదు. ఎట్లు ఇచ్చును? ఆ వచనము బైబిలులో నున్నది గదా! ఆయన దాని యెదుట నిలిచి వణకుచుండగా నేను దానిని దాటి పోతిని.

ఆ రాత్రి సిగ్గుపడి, సెమినరీ దినములలో చదివిన ఒక భక్తుని చరిత్రను మరల తెరచితిని. ఆయన జాన్ బన్యన్. మనవారు యాత్రికుని ప్రయాణమని పిలుచు గ్రంథమును వ్రాసినవాడు ఆయనయే. ఆ గ్రంథమును ఎరిగినవారు అనేకులు గాని, దానిని వ్రాయకమునుపు ఒకే యొక వచనము ఆయనను రెండు సంవత్సరములు తరిమెనని ఎరిగినవారు కొందరే.

బాల్యమును యౌవనమును

ఇంగ్లండు దేశములో బెడ్‌ఫర్డు పట్టణమునకు సమీపమున ఎల్‌స్టో అను గ్రామము కలదు. అచ్చట 1628వ సంవత్సరమున బన్యన్ జన్మించెను. తండ్రి చిల్లులు పడిన పాత్రలకు మాట్లు వేయు పనివాడు. మన పల్లెలలో కళాయి వేయువారు కొలిమి తిత్తి భుజాన వేసికొని వీధి వీధి తిరిగినట్లే ఆయనయు తిరిగి కుటుంబమును పోషించెను. బీదవారైనను కుమారుని చదువను వ్రాయను నేర్చుకొనుటకు బడికి పంపిరి. పెద్ద చదువులు ఆయన చదువలేదు. తండ్రి పనినే నేర్చుకొనెను.

తొమ్మిది పదియేండ్ల ప్రాయముననే తీర్పును గూర్చిన భయము ఆ బాలుని పట్టుకొనెను. పగలు అబద్ధములాడి, ఒట్లు పెట్టుకొని, తోటివారితో తిరిగినను, రాత్రి కలలలో దయ్యములను చూచి కేకలు వేసి లేచెడివాడు. నరకమనునదే లేకపోయిన ఎంత బాగుండునని తలంచెడివాడు. కొంత కాలమునకు ఆ కలలు ఆగిపోయెను. భయము పోయెను గాని పాపము పోలేదు.

1644వ సంవత్సరము ఆయనకు దుఃఖ సంవత్సరము. జూను నెలలో తల్లి చనిపోయెను. జూలైలో చెల్లెలు మార్గరెట్ చనిపోయెను. ఆగష్టులో తండ్రి మరల పెండ్లి చేసికొనెను. ఆ యేటనే, ఇంచుమించు పదునారేండ్ల ప్రాయమున, రాజునకును పార్లమెంటునకును జరుగుచున్న యుద్ధములో పార్లమెంటు సైన్యమున చేరెను. ఒకప్పుడు ఒక ముట్టడికి పోవలసిన వంతు ఆయనకు రాగా, మరియొక సిపాయి ఆయనకు బదులుగా పోయి, కావలి కాయుచు తలకు తుపాకి గుండు తగిలి చనిపోయెను. ఒకడు తనకు బదులుగా చచ్చుట ఎట్టిదో బన్యన్ ఆ దినమున కన్నులార చూచెను. దాని అర్థము మాత్రము ఇంకను ఆయనకు తెలియలేదు.

సైన్యము విడిచి వచ్చి పెండ్లి చేసికొనెను. ఇంటిలో గిన్నెయు గరిటెయు కూడ లేనంత బీదతనము. అయితే ఆ యిల్లాలు తన తండ్రి విడిచిపోయిన రెండు భక్తి పుస్తకములను కాపురమునకు తెచ్చెను. 1650లో మేరీ అను కుమార్తె పుట్టెను. ఆ బిడ్డ పుట్టు గ్రుడ్డిది.

భయము మార్చలేని హృదయము

ఒక ఆదివారము ఉదయమున గుడిలో విశ్రాంతిదినమును గూర్చిన ప్రసంగము విని బన్యన్ కలత చెందెను. అయినను మధ్యాహ్నము భోజనము చేసి ఆటకు పోయెను. అది మన పిల్లల బిళ్లంగోడు వంటి ఆట. బిళ్లను ఒక దెబ్బ కొట్టి రెండవ దెబ్బకు కర్ర యెత్తగా, పాపములు విడిచి పరలోకమునకు పోవుదువా, పాపములతో నరకమునకు పోవుదువా అను ప్రశ్న ఆయన మనస్సులో ఉరుమువలె వినబడెను. కర్ర దించి ఆకాశము వైపు చూచెను. అయితే ఆయన ఏమి తలంచెనో వినుడి. ఇక ఆలస్యమైపోయినది, తనకు క్షమాపణ లేదు, ఎట్లును శిక్ష తప్పనప్పుడు కొంచెము పాపము చేసిననేమి ఎక్కువ చేసిననేమి అనుకొని మరల ఆటలో పడెను. నిరీక్షణ లేని భయము మనుష్యుని పరిశుద్ధుని చేయదు. అది అతని చేతికి మరల ఆ కర్రనే ఇచ్చును.

తరువాత ఆయన ఒట్లు మానెను, బైబిలు చదువ మొదలుపెట్టెను, ఆజ్ఞలు గైకొన యత్నించెను. ఇరుగుపొరుగువారు మెచ్చుకొనిరి. గుడి గోపురములో గంటలు కొట్టుట ఆయనకు మిక్కిలి ఇష్టము. అది వ్యర్థ వినోదమని తలంచి దానినికూడ మానెను. అయినను చూచుటకు పోయెడివాడు. గంట తెగి మీద పడునేమోనని దూలము క్రింద నిలిచెను. గోడకు తగిలి మీదికి వచ్చునేమోనని గుమ్మమునకు జరిగెను. గోపురమే కూలునేమోనని తుదకు బయటికి పరుగెత్తెను. దేవుడు తనను కొట్టుటకు ఎక్కడనో పొంచియున్నాడని తలంచువాని బ్రదుకు ఇట్లే యుండును.

ఎండలో కూర్చున్న బీద స్త్రీలు

ఒక దినమున పనిమీద బెడ్‌ఫర్డు వీధిలో పోవుచుండగా, ముగ్గురు నలుగురు బీద స్త్రీలు ఒక గుమ్మమునొద్ద ఎండలో కూర్చుండి మాటలాడుకొనుట వినెను. వారు తమ హృదయముల చెడుతనమును గూర్చియు, క్రొత్త జన్మమును గూర్చియు, క్రీస్తు ప్రేమను గూర్చియు సంతోషముతో మాటలాడుచుండిరి. మతమును గూర్చి వాదించుటలో తాను గట్టివాడననుకొన్న బన్యనునకు వారి మాటలు అర్థము కాలేదు. వారికి కలిగినది తనకు లేదని మాత్రము గ్రహించెను.

వారు తమ కాపరియైన జాన్ గిఫర్డు యొద్దకు ఆయనను నడిపిరి. ఈ గిఫర్డు పూర్వము రాజు సైన్యములో అధికారియై, పట్టుబడి, మరణశిక్ష పొంది, చెరనుండి తప్పించుకొనినవాడు. తరువాత జూదరియై చాల కాలము దుష్టుడుగా బ్రదికి, క్రీస్తు చేత పట్టుబడినవాడు. అట్టివాడు పాపులను ఆదరింప నెరుగును. అప్పుడే మార్టిన్ లూథరు గలతీ పత్రికకు వ్రాసిన వ్యాఖ్యానము ఒకటి బన్యనునకు దొరకెను. ప్రతి మిక్కిలి పాతదై విడిపోవుచున్నను, దానిని చదువగా తన హృదయమును చూచియే వ్రాసిరని ఆయనకు తోచెను.

ఏశావు వచనము

ఇంతలో ఘోరమైన శోధన వచ్చెను. ఇంచుమించు ఒక సంవత్సరము పాటు, క్రీస్తును అమ్మివేయుమను తలంపు రేయింబగళ్లు ఆయనను తరిమెను. అన్నము తినబోయినను, కట్టె కొట్టబోయినను అదే మాట. అమ్మను అమ్మను అని పోరాడి అలసిపోయెను. ఒక ఉదయమున పడకమీద నుండగా, ఆయన పోగోరినచో పోనిమ్మను తలంపు హృదయములో మెదలెను. అంతే! బాణము తగిలిన పక్షివలె బన్యన్ కూలిపోయెను.

వెంటనే హెబ్రీ పత్రిక పండ్రెండవ అధ్యాయములోని ఏశావు మాట ఆయనను పట్టుకొనెను. ఏశావు ఒక పూట తిండికి జ్యేష్ఠత్వమును అమ్మివేసెను; తరువాత కన్నీళ్లతో వెదకినను అతనికి మార్గము దొరకలేదు. తానును అట్టివాడనేయని బన్యన్ నిశ్చయించుకొనెను. దావీదు పాపముతో తన పాపమును తూచి చూచెను. పేతురు పాపముతో తూచి చూచెను. వారు ప్రభువును అమ్మలేదు. తుదకు తన పాపము యూదా యిస్కరియోతు పాపమునకు దగ్గరనున్నదని కనుగొని వణకెను. హెబ్రీ పత్రిక ఆరవ అధ్యాయమును, పదియవ అధ్యాయమును తనకు విరోధముగా నిలిచిన కావలివారివలె కనబడెను. ఏ వాగ్దానమును చేపట్టబోయినను ఏశావు వచనము అడ్డము వచ్చెను.

భారము మోయలేక ఒక వృద్ధ క్రైస్తవునికి తన సంగతి చెప్పి, తాను క్షమాపణ లేని పాపము చేసితినేమో ననెను. తనకును అట్లే తోచుచున్నదని ఆ వృద్ధుడు బదులు చెప్పెను! కాపరులారా, పెద్దలారా, ఈ మాటకు జాగ్రత్తపడుదము. విరిగిన మనస్సు గలవానికి ఆ వృద్ధుడు తొందరపడి శిక్ష విధించెను. నేను తొందరపడి చింతింపవద్దంటిని. మేమిద్దరమును అతనితో కూర్చుండి బైబిలు తెరువలేదు.

రెండు వచనములు ఎదురుపడిన దినము

వెలుగు ఒక్కసారిగా రాలేదు. మొదట రెండవ కొరింథీ పన్నెండవ అధ్యాయములోని మాట, అనగా ప్రభువు కృప చాలునను మాట, ఆయనకు వినబడెను. అయితే అది తనకు చాలునని మాత్రము నమ్మలేకపోయెను. కొన్ని వారములు ఒక దినము కృప, ఒక దినము ఏశావు, ఇట్లు త్రాసు వంగుచు లేచుచు నుండెను. తుదకు ఒక దినమున భక్తుల కూటములో నుండగా, ఆ కృప నీకే చాలునని ఆ మాట నిండుగా మూడు మారులు ఆయన హృదయమున పలికెను.

అప్పుడు బన్యన్ ఒక విచిత్రమైన ప్రార్థన చేసెను. ఆ రెండు వచనములును ఒకేసారి తన హృదయములోనికి రావలెననియు, ఏది గెలుచునో చూడవలెననియు వేడుకొనెను. రెండు మూడు దినములలో అట్లే జరిగెను. రెండును ఎదురుపడెను. ఏశావు వచనము క్రమముగా వెనుదీసెను, కృపావచనము నిలిచెను. తీర్పుకంటె కనికరమునకే పైచేయియని యాకోబు పత్రిక చెప్పు సంగతి అప్పుడు ఆయనకు జ్ఞాపకము వచ్చెను.

యోహాను సువార్త ఆరవ అధ్యాయము ముప్పదియేడవ వచనమును గూర్చి ఆయనకును సాతానునకును పెద్ద లాగులాట జరిగెను. వచ్చువానిని త్రోసివేయనని ప్రభువు చెప్పినది నీవంటివానిని గూర్చి కాదని సాతాను వాదించెను. వచ్చువాడు ఎంతటి పాపియో ప్రభువు చెప్పలేదు, ఎవనిని మినహాయింపలేదు అని బన్యన్ దానిని విడువక పట్టుకొనెను.

ప్రియులారా, మనము ముఖ్యముగా గమనింపవలసినది దీని తరువాత జరిగినది. సమాధానము దొరకినది గదాయని ఆయన ఆ కఠిన వచనములను మూసి పెట్టలేదు. తిరిగి వాటి యొద్దకే పోయి, ఒక్కొక్కదానిని దగ్గరగా పరిశీలించెను. దూరమునుండి భయపడి చూచినప్పుడు కనబడనివి దగ్గరకు పోగా కనబడెను. హెబ్రీ ఆరవ అధ్యాయము, క్రీస్తును సువార్తను బొత్తిగా త్రోసివేసి వెడలిపోయినవారిని గూర్చి చెప్పుచున్నదని చూచెను. పదియవ అధ్యాయములోని పాపము ఆయన రక్తమును తృణీకరించు పాపమని చూచెను. ఏశావు శోధనలో ఒక నిమిషము జారినవాడు కాడు. ఆలోచించి అమ్మి, తిని త్రాగి, లేచి తన దారిని పోయినవాడు. తరువాత అతడేడ్చినది పోయిన ఆశీర్వాదము కొరకే గాని, తాను తృణీకరించిన జ్యేష్ఠత్వము కొరకు కాదు.

యెహోషువ గ్రంథములోని ఆశ్రయపురములను గూర్చిన అధ్యాయమును ఆయనకు గొప్ప ఆదరణ నిచ్చెను. పూర్వము పగ లేకుండ, తెలియక ప్రాణము తీసినవాడు ఆ పురములోనికి పారిపోయినచో, హత్యకు ప్రతిహత్య చేయువాడు గుమ్మము వరకు తరిమి వచ్చినను, పెద్దలు వానిని అప్పగింపరాదు. తనకు క్రీస్తుమీద పగ లేదు. ఆ తలంపునకు ముందు ఆయనకే ప్రార్థించుచుండెను, తరువాత ఆయన కొరకే ఏడ్చుచుండెను. కాబట్టి గుమ్మము లోనికి పోవుటకు తనకు హక్కు కలదని బన్యన్ ధైర్యము తెచ్చుకొనెను.

మరియొక దినము పొలములో నడచుచుండగా, తన నీతి పరలోకమందున్నదను తలంపు ఆయనకు కలిగెను. తన మనస్సు బాగున్న దినమున ఆ నీతి పెరుగదు, బాగులేని దినమున తరుగదు; అది దేవుని కుడి పార్శ్వమున కూర్చున్న క్రీస్తే. ఇంటికి పోయి ఆ మాట బైబిలులో ఎక్కడనున్నదోయని వెదకెను. ఆ మాట కనబడలేదు గాని, ఆ సత్యము మొదటి కొరింథీ మొదటి అధ్యాయము ముప్పదియవ వచనములో దొరకెను. ఎంత సంతోషించినను దానిని వాక్యముతో సరిచూడక మానలేదు.

చెరసాలలో

తరువాత బన్యన్ ప్రసంగీకుడాయెను. మొదటి భార్య నలుగురు పిల్లలను విడిచి చనిపోగా, 1659లో ఎలిజబెతు అను ఆమెను పెండ్లి చేసికొనెను. 1660 నవంబరు 12వ తేదీన, ప్రభుత్వపు సెలవు లేకుండ కూటము జరిపినందుకు ఆయనను పట్టుకొనిరి. ప్రసంగింపనని మాట యిచ్చినచో ఇంటికి పోవచ్చును. ఆయన ఆ మాట ఇయ్యలేదు. గర్భిణియైన ఎలిజబెతు ఆ వార్తకు అదిరి అకాల ప్రసవమై బిడ్డను పోగొట్టుకొనెను. అయినను 1661లో ఆమె న్యాయాధిపతుల యెదుట నిలిచి, గ్రుడ్డిబిడ్డతో కూడ నలుగురు పసివారున్నారని భర్త కొరకు మనవి చేసెను. విడుదల కలుగలేదు. బన్యన్ బెడ్‌ఫర్డు చెరసాలలో ఇంచుమించు పండ్రెండు సంవత్సరములు ఉండెను. కట్టుకొను త్రాళ్లకు లోహపు మొనలు తొడిగి అమ్మి, ఆ డబ్బుతో ఇంటివారిని పోషించెను. గ్రుడ్డి మేరీని తలంచుకొన్నప్పుడెల్ల ఆయన గుండె కరగిపోయెడిది.

చెరలో మొదటి దినములలో తనను ఉరితీయుదురని తలంచెను. ఆ సమయముననే ఆదరణ యంతయు ఆయనను విడిచిపోయెను. ఉరి నిచ్చెనమీద కాళ్లు వణకునేమో, చచ్చిన పిమ్మట తన గతి ఏమగునో అని భయపడెను. అప్పుడు ఆయనకు యోబు గ్రంథమందలి ప్రశ్న జ్ఞాపకము వచ్చెను. మనుష్యుడు ఊరకయే దేవుని సేవించునా యని సాతాను అడిగిన ప్రశ్న అది. దేవుడు ఇప్పుడు ఆదరణ నిచ్చినను ఇయ్యకపోయినను తాను ఆయన వాక్యమునకు కట్టుబడియే యుందునని బన్యన్ తీర్మానించుకొనెను. ఆ తీర్మానముతోనే హృదయము నెమ్మది పొందెను. పూర్వము నరకమునకు భయపడి దేవుని వెదకిన మనుష్యుడు, ఇప్పుడు దేవునినే నమ్మి తన అంతమును ఆయన చేతికి విడిచెను.

1666లో తన పోరాటమంతయు దాచక ఒక గ్రంథముగా వ్రాసెను. 1672లో విడుదలయై బెడ్‌ఫర్డు సంఘమునకు కాపరియాయెను. 1678లో యాత్రికుని ప్రయాణము మొదటి భాగము అచ్చుపడెను. ఆ యేటనే, తాను సాతానుతో లాగులాడిన యోహాను వచనము మీదనే మరియొక గ్రంథము ప్రచురించెను. యాత్రికుని ప్రయాణము తీర్పు భయముతోనే మొదలగును: ఒక మనుష్యుడు చేత పుస్తకము పట్టుకొని, తన పట్టణము అగ్నిచేత కాలిపోవునని ఏడ్చును. అతని మూట సిలువయొద్ద జారిపోవును. నిరాశ అను రాక్షసుని కోటలో చిక్కినప్పుడు, వాగ్దానమను తాళపు చెవి తన రొమ్ముననే యున్నదని అతనికి జ్ఞాపకము వచ్చును. అయితే అదే గ్రంథములో ఇనుప పంజరములో నిరాశతో కూర్చున్న మనుష్యుడును ఉన్నాడు. బన్యన్ హెచ్చరికను తీసివేయలేదు. దాని ప్రక్కనే సిలువను నిలిపెను.

1688వ సంవత్సరమున ఒక తండ్రికిని కుమారునికిని సమాధానము కుదుర్చుటకు పోయి, వానలో తడిసి గుఱ్ఱముమీద లండను చేరి జ్వరముపడి, ఆగష్టు 31వ తేదీన ప్రభువునందు నిద్రించెను. తండ్రి కుమారుని చేర్చుకొనునట్లు చేయుటయే ఆయన చివరి సేవలలో ఒకటాయెను.

మనకు

ఈ చరిత్ర మరల చదివిన పిమ్మట నేను ఆ పెద్దాయన యింటికి పోతిని. ఈసారి తొందరపడలేదు. ఆయన చేసినది పాపము కాదని చెప్పలేదు; అది పాపమే. ఇద్దరము కలిసి దానిని ప్రభువు నెదుట ఒప్పుకొంటిమి. తరువాత హెబ్రీ ఆరవ అధ్యాయమును మొదటినుండి చదివితిని. ఎనిమిదవ వచనము వరకు వచ్చినప్పుడు ఆయన తల వంచుకొనెను. గుడిలో ఆయన విన్నది అంతవరకే. నేను ఆపక చదివితిని. పదునెనిమిదవ వచనములో, ఆశ్రయము కొరకు పరుగెత్తి వచ్చినవారికి దేవుడు బలమైన ఆదరణ నిచ్చునని యున్నది. ఆశ్రయపురము ఆ అధ్యాయములోనే, భయపెట్టిన మాటకు పది వచనముల అవతలనే యున్నది! మరల చదువుమని ఆయన అడిగెను. మూడు మారులు చదివితిని. రెండు నెలల తరువాత ఆయన ప్రభువు బల్లయొద్దకు వచ్చెను. చేయి వణకుచుండెను గాని చాపెను.

పాపమును తేలికగా తీసికొని, క్షమాపణ ఎట్లును కలదు గదాయని తిరుగువాడా, ఏశావు మాట నీ కొరకే వ్రాయబడినది. దానిని దాటి పోవద్దు. చేసిన పాపమునకు ఏడ్చుచు, ప్రభువునొద్దకు పోవలెనని ఆశపడుచు, పోవుటకు భయపడువాడా, నీ ఏడ్పే నీవు ఆయనను తృణీకరింపలేదనుటకు గురుతు. నిన్ను భయపెట్టిన అధ్యాయమును సగములో విడువవద్దు. చదువు రాకపోయిన, చదువగలవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని చివరి వరకు వినుము. మీ కాపరిని పిలువుము. ఆయన తొందరలో నున్నచో కూర్చుండుమని అడుగుము.

నీతిగల న్యాయాధిపతియు కనికరముగల రక్షకుడునైన ప్రభువు, భయపడి వెనుక వరుసలో కూర్చున్న ప్రతివానిని తన బల్లయొద్దకు నడిపించును గాక. ఆమేన్.